పసికందుల ప్రాణదాత డాక్టర్ రాబర్ట్ గ్రాస్

మనిషి ఈ లోకంలో అడుగుపెట్టగానే చేసే మొదటి పని ఏడవడం. తరువాతి జీవితంలో మనం ఏడ్చే ఏడుపులన్నీ చుట్టూ ఉన్నవారిని బాధపెట్టేవే. ఈ ఒక్క ఏడుపు మాత్రం ఇంటిల్లిపాదికీ సంతోషం కలిగిస్తుంది. ఆ ఏడుపుతోనే ఊపిరితిత్తులు మొట్టమొదటిసారిగా గాలితో నిండుతాయి. అంతవరకు తల్లి గర్భంలోని మావి చేసిన పనిని ఆ క్షణంనుండి అవి తమమీద వేసుకొంటాయి.

కాని సుమారు మూడువేల జననాలలో ఒకటి చొప్పున, ఆ ఏడుపు నిండుగా రాని పసికందులు పుడుతూ ఉంటారు. బిడ్డ చూపులకు బొద్దుగానే ఉంటాడు. అవయవలోపం పైకి ఏదీ కనిపించదు. అయినా నిమిషాలలో ఒళ్ళు నీలివర్ణానికి తిరుగుతుంది. ఎద ఉబ్బి, పొట్ట లోపలికి పోయి ఉంటుంది. దీనికి కారణం ఎదకూ పొట్టకూ నడుమ అడ్డుగోడవలె ఉండే ఉదరవితానంలో పుట్టుకతోనే ఒక రంధ్రం ఉండటం. ఆ రంధ్రంగుండా ప్రేగులు, ప్లీహం, జీర్ణాశయం, ఒక్కొక్కప్పుడు కాలేయంకూడ ఎదలోకి ఎగబ్రాకి, ఊపిరితిత్తులకు చెందవలసిన చోటును ఆక్రమించుకొంటాయి. నూటికి ఎనభైమందికి పైగా శిశువులలో ఈ రంధ్రం ఎడమవైపునే ఉంటుంది. 1848లో దీనిని వర్ణించిన బొహీమియా శరీరశాస్త్రజ్ఞుడు బోక్డలెక్ పేరు ఈ లోపానికి స్థిరపడిపోయింది. అయితే పేరు పెట్టడం వేరు, ప్రాణం నిలపడం వేరు. బోక్డలెక్ తరువాత సుమారు నూరేండ్లపాటు ఈ శిశువులలో అత్యధికులు పుట్టినరోజునో, ఆ మరునాడో కన్నుమూస్తూనే వచ్చారు.

ఆ స్థితిని మార్చిన వారిలో అగ్రగణ్యుడు అమెరికా దేశపు శస్త్రవైద్యుడు డాక్టర్ రాబర్ట్ ఎడ్వర్డ్ గ్రాస్. మేము సాహిత్యం బోధించేవారమేగాని వైద్యులము కాము. అయినా ఈ మహనీయుని జీవితం వైద్య విద్యార్థులకే పరిమితం కావలసినది కాదని తలచి, మా కళాశాల విద్యార్థులకు ఆయనను పరిచయం చేస్తున్నాము.

బాల్యము – విద్యాభ్యాసము

రాబర్ట్ గ్రాస్ 1905 జూలై 2వ తేదీన అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో జన్మించారు. ఆయనకు పుట్టుకతోనే ఒక కంటిలో శుక్లం ఉండేది. ఆ కంటిచూపు దాదాపు లేనట్లే. రెండు కళ్ళూ సమంగా చూసినపుడే ఏ వస్తువు ఎంత లోతున ఉన్నదో, ఎంత దూరాన ఉన్నదో మెదడు సులభంగా పసిగడుతుంది. ఒంటికన్నుతో చూసేవారికి ఆ అంచనా అలవాటు మీద రావలసిందే. ఈ కొరతను తీర్చడానికి తండ్రి ఆ బాలునిచేత గడియారాలను విప్పించి, తిరిగి కూర్పించేవారని చెబుతారు. మొదట పెద్ద గడియారాలు, తరువాత చిన్నవి, ఆ పిమ్మట మరింత చిన్నవి. పిన్నవయసులో పళ్ళచక్రాలమీద సాధనచేసిన ఆ వ్రేళ్ళే తరువాత ఆరేడు పౌనుల బరువైన పసికందుల లోపలి అవయవాలమీద పనిచేశాయి. తనకు గల ఈ లోపాన్ని గ్రాస్ చాటుకోలేదు. ఆయన వృత్తిజీవితంలో అధికభాగం ఒంటికంటి చూపుతోనే గడిచింది.

మిన్నెసోటా రాష్ట్రంలోని కార్ల్‌టన్ కళాశాలలో చదివి ఆయన 1927లో పట్టభద్రులయ్యారు. అక్కడ ఆయన మనసు రసాయనశాస్త్రం మీద ఉండేది. ఆ రోజులలో సుప్రసిద్ధ వైద్యుడు విలియం ఆస్లర్ జీవితచరిత్ర ఆయన చేతికి వచ్చింది. దానిని వ్రాసినవాడు మెదడు శస్త్రచికిత్సలో ప్రఖ్యాతుడైన హార్వే కుషింగ్. ఆ గ్రంథం చదివిన పిమ్మట గ్రాస్ వైద్యవిద్య వైపు మళ్ళారు. గ్రంథాలయంలో ఒక పుస్తకం ఒక విద్యార్థి దారిని మార్చగలదనడానికి ఇంతకంటె నిదర్శనం వేరే అక్కరలేదు. హార్వర్డ్ వైద్య కళాశాలలో చేరి 1931లో ఆయన వైద్యపట్టం పొందారు.

పట్టం చేతికి వచ్చినా ఆయన వెంటనే కత్తి పట్టడానికి తొందరపడలేదు. బోస్టన్ నగరంలో వోల్బాక్ అనే ఆచార్యుని వద్ద కొంతకాలం రోగవిజ్ఞానం అభ్యసించారు. మరణించిన శిశువుల శరీరాలను పరీక్షించి మృత్యుకారణం తెలుసుకోవడం అక్కడి పని. పుట్టుకతో వచ్చే గుండెలోపాలనూ, అన్నవాహిక లోపాలనూ, ఉదరవితాన రంధ్రాలనూ ఆయన మొదట చూసినది అక్కడనే. వాటిలో కొన్నింటిని చూసినపుడు ఈ చిన్న లోపాన్ని సకాలంలో సరిదిద్ది ఉంటే బిడ్డ బ్రతికేవాడు గదా అనే ఆలోచన ఆయనలో నాటుకొన్నది. తరువాతి కాలంలో ఆయన చేసిన ఘనకార్యాలకు బీజం ఇక్కడనే పడింది.

గురువు విలియం లాడ్

గ్రాస్ శస్త్రవిద్య నేర్చినది బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో డాక్టర్ విలియం లాడ్ వద్ద. 1917లో కెనడా దేశంలోని హాలిఫాక్స్ రేవులో ఘోరమైన పేలుడు సంభవించి వేలమంది గాయపడినపుడు బోస్టన్‌నుండి వెళ్ళిన వైద్యులలో లాడ్ ఒకరు. ఆ కాలంలో పిల్లలకు ప్రత్యేకంగా శస్త్రచికిత్స అనే శాఖయే లేదు. పెద్దలకు చేసే వైద్యులే పిల్లలకూ చేసేవారు. పిల్లవాడంటే చిన్న ఆకారంలో ఉన్న పెద్దమనిషి అనే భావన పాతుకొనిపోయిన రోజులవి. పిల్లల శరీరధర్మం వేరు, వారి రక్తం కొలత వేరు, వారికి మత్తు ఇచ్చే తీరు వేరు అని గ్రహించి, తన జీవితాన్ని వారికే అంకితం చేసినవాడు లాడ్. అమెరికాలో శిశు శస్త్రచికిత్సకు ఆయనను పితామహునిగా గౌరవిస్తారు. గురుశిష్యులిద్దరూ కలిసి శిశువుల ఉదర శస్త్రచికిత్సమీద రచించిన గ్రంథం 1941లో వెలువడి ఎంతోకాలం ప్రామాణికంగా నిలిచింది.

కాని ఆ గ్రంథం వెలువడడానికి మూడేండ్లముందే ఆ ఇద్దరి నడుమ ఒక పొరపొచ్చెం ఏర్పడింది.

1938 ఆగస్టు 26

తల్లిగర్భంలోని శిశువు ఊపిరితిత్తులలో గాలి ఉండదు. అక్కడికి రక్తం అంతగా పోవలసిన పనీ లేదు. కాబట్టి ప్రకృతి ఊపిరితిత్తులకు పోయే ధమనినుండి బృహద్ధమనిలోకి ఒక అడ్డదారి ఏర్పరచింది. గుండె కుడిభాగంనుండి రక్తం ఊపిరితిత్తులకు పోయి, అక్కడ గాలితో కలిసి, ఎడమభాగానికి చేరుతుందని పదమూడవ శతాబ్దంలోనే ఇబ్న్ అల్ నఫీస్ అనే అరబ్బు వైద్యుడు వ్రాసిన విషయం మన విద్యార్థులలో కొందరికి తెలిసే ఉంటుంది. ఆ రాజమార్గాన్ని తప్పించే గర్భకాలపు అడ్డదారియే ఈ నాళం. శిశువు పుట్టిన కొద్దిరోజులలో అది దానంతటదే మూసుకొనిపోవాలి. కొందరిలో మూసుకోదు. అప్పుడు బృహద్ధమనిలోని రక్తం వెనుకకు మళ్ళి ఊపిరితిత్తులలోకి ప్రవహిస్తుంది. గుండె చేసిన పనినే మళ్ళీ మళ్ళీ చేసి అలసిపోతుంది. పెన్సిలిన్ లేని ఆ రోజులలో ఆ నాళంలో సూక్ష్మజీవులు చేరితే మరణం దాదాపు తప్పేది కాదు.

ఈ నాళాన్ని దారంతో బిగించి కట్టివేస్తే చాలునని గ్రాస్ భావించారు. జాన్ హబ్బర్డ్ అనే శిశువైద్యునితో చర్చించి, ముందుగా జంతువులమీద ప్రయోగాలు చేసి మార్గాన్ని సిద్ధం చేసుకొన్నారు. అంతకు ముందు సంవత్సరం బోస్టన్‌లోనే మరొక వైద్యుడు ఈ ప్రయత్నం చేయగా రోగి కొద్దిరోజులలోనే మరణించింది. గుండె పరిసరాలలో కత్తి పెట్టడం సాహసంగాక దుస్సాహసమని పెద్దలు తలచిన కాలమది. లాడ్ దీనికి సమ్మతించలేదు. 1938 వేసవిలో లాడ్ సెలవుమీద దూరదేశం వెళ్ళారు. ఆగస్టు 26వ తేదీన, ముప్పది మూడేండ్ల గ్రాస్ ఏడేండ్ల బాలిక ఎదను తెరిచి ఆ నాళాన్ని కట్టివేశారు. బాలికకు మత్తు ఇచ్చినది బెట్టీ లాంక్ అనే నర్సు. నాళం తెరచి ఉన్నంతసేపు స్టెతస్కోపులో హోరుమని వినిపించిన శబ్దం, ముడి బిగియగానే ఆగిపోయింది. ఆ బాలిక కోలుకొని పెరిగి పెద్దదై, తల్లియై, మనుమలను ఎత్తుకొని, తనకు ప్రాణం పోసిన వైద్యుని తరువాతకూడ ఎన్నో ఏండ్లు జీవించింది. పుట్టుకతో వచ్చే గుండెలోపాలకు శస్త్రచికిత్స అనే మహాప్రస్థానానికి ఆ రోజే నాంది.

లాడ్ తిరిగివచ్చి విషయం విని ఆగ్రహించారు. గురుశిష్యుల నడుమ అప్పుడు ఏర్పడిన దూరం పూర్తిగా తొలగలేదు. ఇక్కడ మేము కొంచెం ఆగి ఆలోచించవలసి ఉన్నది. గురువు వద్దన్నపని గురువు లేనప్పుడు చేయడం మన సంప్రదాయంలో మెచ్చుకోదగినది కాదు. ఆ బాలిక మరణించి ఉంటే గ్రాస్ పేరు నేడు ఎవరికీ తెలిసేది కాదు. తెలిసినా అవిధేయతకు ఉదాహరణగానే తెలిసేది. విజయం కలిగింది గనుక అవిధేయత మంచిదని మేము అనము. అయితే ఒక విషయం మరువరాదు. గ్రాస్ ఆ రోజు ఉదయం పుట్టిన ఆలోచనతో కత్తి పట్టలేదు. శవపరీక్షల గదిలోను, జంతుప్రయోగశాలలోను ఏండ్ల తరబడి కృషిచేసి, తన ఉద్దేశం సాధ్యమని తనకు తాను రుజువు చేసుకొన్నారు. సిద్ధపాటు లేని ధైర్యానికీ, సిద్ధపాటుతో కూడిన ధైర్యానికీ గల భేదాన్ని గుర్తించడమే ఇందులోని పాఠం. తరువాత కొందరు రోగులలో కట్టిన నాళం మరల తెరుచుకోవడం చూసి, ఊరక కట్టడంతో తృప్తిచెందక, నాళాన్ని రెండుగా కోసి కొసలను కుట్టివేసే పద్ధతిని అవలంబించడంకూడ ఆయన నిజాయితీకి నిదర్శనం.

మూసే విద్య – తెరిచే విద్య

ఇంతటి దూరదృష్టి గల గ్రాస్‌కుకూడ ఒక సందర్భంలో చూపు ఆనలేదు. బాల్టిమోర్ నగరంలో పుట్టుకతోనే నీలివర్ణంతో ఉండే పిల్లలకు వైద్యం చేస్తున్న డాక్టర్ హెలెన్ టాసిగ్ ఒక విచిత్రం గమనించారు. ఊపిరితిత్తులకు రక్తం చాలినంత పోని ఆ పిల్లలలో, ఈ అడ్డదారి తెరచి ఉన్నన్నాళ్ళు బిడ్డ ఒక మాదిరిగా ఉండి, అది మూసుకోగానే క్షీణిస్తున్నాడు. నాళాన్ని మూయగలవారు కొత్త నాళాన్ని ఏర్పరచలేరా అనే ప్రశ్నతో ఆమె బోస్టన్ వెళ్ళి గ్రాస్‌ను కలుసుకొన్నారు. ఆయన ఆసక్తి చూపలేదు. ఆమె తిరిగివచ్చి ఆల్‌ఫ్రెడ్ బ్లేలాక్ అనే శస్త్రవైద్యుని ఆశ్రయించారు. వివియన్ థామస్ అనే నల్లజాతి సహాయకుడు ప్రయోగశాలలో మార్గాన్ని సుగమం చేశారు. 1944 నవంబర్ 29వ తేదీన ఆ శస్త్రచికిత్స జరిగి చరిత్రకెక్కింది. గ్రాస్ పుట్టిన ఊరిలోనే, గ్రాస్ కాదన్నపనిని మరొకరు సాధించారు. మహనీయుల చరిత్రలు వ్రాసేవారు ఇటువంటి ఘట్టాలను దాటవేయడం పరిపాటి. దాటవేయరాదని మా అభిప్రాయం. 1954లో ప్రతిష్ఠాత్మకమైన లాస్కర్ బహుమతిని బ్లేలాక్, టాసిగ్, గ్రాస్ ముగ్గురికీ కలిపి ఇచ్చినపుడు మూసే విద్యకూ తెరిచే విద్యకూ ఒకే వేదికమీద సన్మానం జరిగినట్లయింది.

ఇరవై నాలుగు గంటల లోపు

ఇక మేము మొదట ప్రస్తావించిన ఉదరవితాన రంధ్రం సంగతికి వస్తాము. పసికందు పుట్టగానే కత్తి పెడితే తట్టుకోలేడనీ, కొంత పెరిగి బలం పుంజుకొనేవరకు ఆగాలనీ ఆనాటి వైద్యులలో అనేకుల నమ్మకం. లాడ్, గ్రాస్ ఇద్దరూ 1940లో ప్రకటించిన వ్యాసంలో ఈ నమ్మకాన్ని ఎదిరించారు. వారి తర్కం సరళమైనది. పుట్టిన బిడ్డ ఏడ్చిన కొద్దీ, గాలి మ్రింగిన కొద్దీ, ఎదలో చేరిన ప్రేగులు ఉబ్బుతాయి. ప్రేగులు ఉబ్బిన కొద్దీ ఊపిరితిత్తులకు చోటు తరిగిపోతుంది. కాబట్టి ఆగడం బలం పుంజుకోవడానికి కాదు, క్షీణించడానికే తోడ్పడుతుంది.

1946లో గ్రాస్ పుట్టి ఇరవై నాలుగు గంటలైనా నిండని శిశువుకు ఈ శస్త్రచికిత్స చేసి బ్రతికించిన వార్త ప్రకటించారు. వైద్యచరిత్రలో అటువంటి విజయం అదే మొదటిదిగా పరిగణిస్తారు. పొట్టభాగాన్ని తెరిచి, ఎదలో చిక్కిన ప్రేగులను మెల్లగా క్రిందికి దించి, రంధ్రపు అంచులను చేర్చి కుట్టడం ఆ చికిత్స. ఇక్కడ మరొక చిక్కు ఉన్నది. ప్రేగులు పుట్టుకకు పూర్వమే ఎదలో కాపురం పెట్టినందున పొట్టలోని చోటు వాటికి సరిపడునంతగా పెరిగి ఉండదు. బలవంతాన కుక్కి కుట్టితే ఆ ఒత్తిడికి బిడ్డ ఊపిరాడక మరణిస్తాడు. కాబట్టి గ్రాస్ మొదట చర్మాన్ని మాత్రమే కుట్టి, కొన్నాళ్ళ తరువాత పొట్ట పెరిగిన పిమ్మట లోపలి కండరాలను కుట్టే పద్ధతిని ఆచరించారు. బొడ్డువద్ద పొట్టగోడ ఏర్పడక ప్రేగులు బయటికి వచ్చి పుట్టే శిశువులకు 1948లో ఆయన సూచించిన చికిత్సలోకూడ ఇదే ఆలోచన ఉన్నది. శరీరాన్ని తొందరపెట్టక, దానికి కావలసిన వ్యవధి ఇచ్చి, రెండు విడతలుగా పని ముగించడం ఆయన నేర్పు.

బృహద్ధమని ఇరుకైన పిల్లలకు ఆ ఇరుకుభాగాన్ని కోసి తొలగించి కొసలను అతికే శస్త్రచికిత్సను ఆయన 1945లో చేశారు. స్వీడన్ దేశంలో క్రాఫోర్డ్ అనే వైద్యుడు అంతకు కొన్నినెలల ముందే, 1944లో, దానిని సాధించారు. ఇద్దరూ ఎవరికివారే ఆ మార్గం కనుగొన్నారు. 1947లో గ్రాస్ గురువు లాడ్ పేరిట నెలకొల్పిన ఆచార్యపీఠాన్ని అధిష్ఠించి, పిల్లల ఆసుపత్రి శస్త్రవిభాగానికి అధిపతి అయ్యారు. మనస్పర్ధలు ఎట్లున్నా శిష్యుని పదవికి గురువు పేరే కిరీటమైనది. 1953లో ఆయన ఒక్కరే రచించిన శిశు శస్త్రచికిత్సా గ్రంథం వేయిపుటలకు మించినది. పలుదేశాల వైద్యులు దానిని ప్రమాణగ్రంథంగా భావించారు. తరువాత అమెరికా ప్రభుత్వానికి సర్జన్ జనరల్ అయిన ఎవరెట్ కూప్ వంటివారు ఆయన వద్ద శిక్షణ పొందారు. 1970లో అమెరికా శిశు శస్త్రవైద్యుల సంఘం ఏర్పడినపుడు దానికి ఆయన ప్రథమాధ్యక్షులు. 1972లో వృత్తినుండి విరమించి, 1988 అక్టోబర్ 11వ తేదీన ఎనభై మూడేండ్ల వయసులో పరమపదించారు.

రంధ్రం వెనుక దాగిన లోపం

జీవితచరిత్ర ఇంతటితో ముగియవలసిందే. కాని గ్రాస్ ప్రారంభించిన పని ఇంకా ముగియలేదు. మేము ముఖ్యంగా చెప్పదలచినదికూడ అదే.

రంధ్రం కుట్టగానే అందరు శిశువులూ బ్రతకలేదు. శస్త్రచికిత్స చక్కగా జరిగి, కొన్నిగంటలు బిడ్డ ఎర్రగా, హాయిగా ఊపిరి పీల్చి, పిమ్మట హఠాత్తుగా నీలివర్ణం పొంది మరణించేవాడు. రంధ్రం ఊపిరితిత్తులను అణచిపెట్టినదనీ, ఆ బరువు తొలగితే అవి విప్పారతాయనీ అంతవరకు భావించారు. కాని మరణించిన శిశువుల ఊపిరితిత్తులను 1960 దశకంలో సూక్ష్మంగా పరిశీలించినపుడు అసలు విషయం బయటపడింది. అవి అణగినవి కావు, ఎదగనివి.

తల్లిగర్భంలో ఎనిమిదవ వారం ప్రాంతంలో ఉదరవితానం పూర్తిగా మూసుకొంటుంది. ఊపిరితిత్తులలోని గాలిగొట్టాలు చెట్టుకొమ్మలవలె ఒకటి రెండై, రెండు నాలుగై చీలడం పదహారవ వారం నాటికి దాదాపు ముగుస్తుంది. చెట్టు కొమ్మలు వేసే ఆ వారాలలోనే ప్రేగులు వచ్చి ఎదలో తిష్ఠవేస్తే, కొమ్మలు తక్కువగా వేస్తుంది. కొమ్మలు తక్కువైనపుడు వాటి చివర ఏర్పడే గాలిసంచులూ తక్కువే. రక్తనాళాల సంఖ్య తగ్గి, ఉన్నవాటి గోడలు మందమవుతాయి. పుట్టిన తరువాత ఆ నాళాలు బిగుసుకొనిపోయి రక్తాన్ని లోపలికి రానీయవు. అప్పుడు రక్తం ఏ దారిన పోతుంది? గర్భకాలపు ఆ పాత అడ్డదారినే పోతుంది. గ్రాస్ 1938లో కట్టివేసిన నాళమే ఇక్కడ మరల ఎదురవుతున్నది. అయితే ఈ శిశువులలో కొందరికి గుండె కుడిభాగం అలసిపోయినపుడు, ఆ నాళాన్ని మందులతో తెరచి ఉంచడమే నేటి వైద్యులు చేస్తారు. ఒక బిడ్డకు శత్రువైన ద్వారం మరొక బిడ్డకు మిత్రమవుతుంది. టాసిగ్ చెప్పిన పాఠం కూడ ఇదే గదా!

ఈ జ్ఞానంతో శస్త్రచికిత్సకు తొందరపడే పద్ధతికూడ మారిపోయింది. 1980 దశకం చివరినుండి వైద్యులు ముందుగా బిడ్డ శ్వాసను, రక్తప్రసరణను కుదుటపరచి, ఆ తరువాతనే రంధ్రం కుట్టడం మొదలుపెట్టారు. సుకుమారమైన ఊపిరితిత్తులలోకి యంత్రంతో గాలిని బలంగా నెట్టరాదని తెలుసుకొన్నారు. 1975లో రాబర్ట్ బార్ట్‌లెట్ అనే వైద్యుడు నవజాత శిశువుకు ఉపయోగించి సఫలుడైన యంత్రం, శరీరం వెలుపలనే రక్తానికి ప్రాణవాయువు అందించి ఊపిరితిత్తులకు విశ్రాంతినిస్తుంది. గ్రాస్ విజయానికి మూలమైన తొందర ఈనాడు పాటింపబడదు. అంతమాత్రాన ఆయన పొరబడినట్లు కాదు. శ్వాసయంత్రాలు లేని కాలంలో వేగమే ఆయన చేతిలోని ఆయుధం.

గ్రాస్ తరువాత

గ్రాస్ శిష్యులలో ఒకరైన హార్డీ హెండ్రెన్ బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో పనిచేసే రోజులలో అక్కడ మైకేల్ హారిసన్ అనే యువవైద్యుడు శిక్షణ పొందుతూ ఉండేవాడు. శస్త్రచికిత్స నిర్దుష్టంగా జరిగినా ఇటువంటి బిడ్డ ఒకడు మరణించడం అతని మనసును కలచివేసింది. పుట్టిన తరువాత చేసే చికిత్స ఆలస్యమే అయినపుడు, పుట్టక ముందే ఎందుకు చేయరాదు? ఈ ప్రశ్న అతనిని జీవితాంతం వెంటాడింది. న్యూజీలాండ్ దేశంలో విలియం లైలీ అనే వైద్యుడు 1963లోనే గర్భస్థ శిశువుకు రక్తం ఎక్కించి సఫలుడైనాడు గనుక, గర్భంలోని శిశువును రోగిగా భావించే దృష్టి అప్పటికే ఉదయించి ఉన్నది.

హారిసన్ 1978లో ఒక ముఖ్యవిషయం లోకం దృష్టికి తెచ్చారు. పెద్ద ఆసుపత్రుల లెక్కలలో అక్కడికి చేరిన శిశువులే కనిపిస్తారు. దారిలోనే, లేదా పుట్టినచోటనే మరణించినవారు ఏ లెక్కలోను చేరరు. కాబట్టి బ్రతికినవారి శాతం నిజంకంటె ఎక్కువగా కనబడుతుంది. లెక్కల వెనుక దాగిన ఆ మరణాలను ఆయన బయటపెట్టారు. అంకెలను చూసి సంతృప్తిపడే మనవంటివారందరికీ ఇది హెచ్చరిక.

తరువాత ఆయన శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో గొర్రెపిల్లలమీద ప్రయోగాలు చేశారు. గర్భంలోని గొర్రెపిల్ల ఎదలో బెలూన్ ఉబ్బించి ఉంచితే ఊపిరితిత్తులు ఎదగక, పుట్టగానే అది మరణించింది. గర్భకాలంలోనే ఆ బెలూన్ గాలి తీసివేస్తే ఊపిరితిత్తులు మరల ఎదిగి, పిల్ల బ్రతికింది. 1981లో ఆయన బృందం మూత్రమార్గం మూసుకొనిపోయిన గర్భస్థ శిశువుకు శస్త్రచికిత్స చేసింది. ఎన్నో వైఫల్యాల తరువాత, తల్లి గర్భాన్ని తెరిచి శిశువు ఉదరవితానాన్ని సరిచేసి, మరల గర్భాన్ని కుట్టి, ఆ బిడ్డను బ్రతికించగలిగిన వార్త 1990లో వెలువడింది. గ్రాస్ ఆ వార్త వినడానికి లేరు. రెండేండ్ల ముందే ఆయన కాలం చేశారు.

అయితే ఈ శస్త్రచికిత్సలో కత్తి పడేది ఇద్దరిమీద. బిడ్డకోసం ఆరోగ్యవంతురాలైన తల్లి తన శరీరాన్ని అపాయానికి అప్పగిస్తున్నది. దానికి తగిన ఫలితం ఉన్నదా అని తేల్చవలసిన బాధ్యత వైద్యులమీద పడింది. కాలేయం ఎదలోకి ఎక్కిన శిశువులలో దానిని క్రిందికి దించగానే బొడ్డుతాడునుండి వచ్చే సిర మెలిపడి రక్తం ఆగిపోయేది. మిగిలిన శిశువులలో ఈ చికిత్స పొందినవారికీ, పుట్టిన తరువాత చికిత్స పొందినవారికీ భేదం లేదని 1997లో తేలింది. అంత శ్రమపడి సాధించిన పద్ధతిని వారే విడిచిపెట్టారు.

పిమ్మట వేరొక మార్గం దొరికింది. గర్భస్థ శిశువు ఊపిరితిత్తులు ఎల్లప్పుడు ఒక ద్రవాన్ని స్రవిస్తూ ఉంటాయి. అది శ్వాసనాళంగుండా బయటికి పోతుంది. శ్వాసనాళాన్ని తాత్కాలికంగా మూస్తే ఆ ద్రవం లోపలనే నిలిచి, ఊపిరితిత్తులను లోపలినుండి సాగదీసి పెంచుతుంది. సన్నని గొట్టంద్వారా తల్లి గర్భంలోకి ప్రవేశించి, శిశువు నోటిగుండా శ్వాసనాళంలో చిన్న బెలూన్ ఉంచి, ముప్పది నాలుగవ వారం ప్రాంతంలో తీసివేయడం ఈ పద్ధతి. 2003లో అమెరికాలో జరిగిన పరీక్షలో దీనివల్ల మేలు కనబడలేదు. అయినా ఐరోపాలో యాన్ డెప్రెస్ట్ మొదలైనవారు దానిని మెరుగుపరచి, పలుదేశాలలో కలిసి పరీక్షించి 2021లో ఫలితాలు ప్రకటించారు. ఊపిరితిత్తులు అతిస్వల్పంగా ఎదిగిన శిశువులలో బెలూన్ ఉంచినవారు నూటికి నలభైమంది బ్రతికి ఇంటికి వెళ్ళగా, ఉంచనివారు పదిహేనుమంది మాత్రమే బ్రతికారు. లోపం మధ్యరకంగా ఉన్నవారిలో అరవై మూడు, యాభై. ఈ రెండవ భేదం నిశ్చయంగా చెప్పదగినంత పెద్దది కాదు. అంతేగాక బెలూన్ ఉంచిన తల్లులలో నెలలు నిండకముందే ప్రసవం కావడం చాల ఎక్కువ. మొదటి వర్గంలో నూటికి డెబ్బై అయిదుమంది, ఉంచనివారిలో ఇరవై తొమ్మిదిమంది. బెలూన్ తీయడంలో చిక్కువచ్చి శిశువులు మరణించిన సందర్భాలూ కలవు. ఎవరికి చేయాలి, ఎవరికి చేయరాదు అనే వివేకమే ఈ విద్యలో ప్రధానమని దీనినిబట్టి తెలుస్తున్నది.

విద్యార్థులకు

గ్రాస్ జీవితంనుండి మా విద్యార్థులు గ్రహించవలసినవి పెక్కు కలవు. ఒంటికంటి చూపును కారణంగా చెప్పుకొని ఆయన చిన్నపనితో సరిపెట్టుకోలేదు. ఘనతనిచ్చే శస్త్రశాలకు ముందు, ఎవరూ చూడని శవపరీక్షల గదిలో కృషిచేశారు. ఆయన పొందిన సత్కారాలు ఎన్ని ఉన్నా, టాసిగ్ అడిగిన ప్రశ్నకు జవాబు ఆయన వద్ద లేకపోయింది. ఒక మనిషి ఎంత గొప్పవాడైనా అన్ని ద్వారాలూ అతనికే తెరుచుకోవు.

వీటన్నింటికంటె ముఖ్యమైనది ఒకటున్నది. కంటికి కనిపించే రంధ్రాన్ని గ్రాస్ కుట్టారు. ఆ కుట్టు లేకుంటే, రంధ్రం వెనుక ఎదగని ఊపిరితిత్తి ఉన్నదనే సంగతి ఎన్నటికీ తెలిసేది కాదు. అందరు శిశువులూ మరణించినన్నాళ్ళు మరణకారణం ఒక్కటిగానే కనబడింది. కొందరు బ్రతకడంతోనే తక్కినవారు ఎందుకు బ్రతకలేదనే ప్రశ్న పుట్టింది. ఒక తరం సాధించిన విజయం తరువాతి తరానికి ప్రశ్నగా మారడం విజ్ఞానశాస్త్రపు నడక. 1938లో గురువు అనుమతి లేక ముడివేసిన ఆ నాళాన్ని నేటి శిశువైద్యుడు ఒక బిడ్డకు మూస్తాడు, మరొక బిడ్డకు తెరచి ఉంచుతాడు. ఆ రెండు పనులూ చేయగల జ్ఞానం అతనికి లభించడానికి కారకులైనవారిలో గ్రాస్ ఒకరు. సైన్సు విద్యార్థులు ఆయన గ్రంథాలను, ఆయన తరువాతివారి పరిశోధనలను చదివి, ఈ మార్గంలో ముందుకు సాగగలరని ఆశిస్తున్నాము.